పెరటి సాలీడు: ఒక వాక్యానికి ప్రతిపదార్థం

మూలం: ఆశ్వయుజ మాసాన సికింద్రాబాదు పెరట్లో తలకిందులుగా నిలిచిన ఆడ సాలీడు, వేకువకు ముందు అల్లిన వలను మరునాటి వేకువకు ముందే తినివేయును.

ఈ వాక్యం ఏ ప్రాచీన గ్రంథంలోదీ కాదు, వ్యాఖ్యానం కోసం నేనే రాసుకున్నది. పద్యం చేతికొస్తే ప్రతిపదార్థం చెప్పుకోవడం మనకు బడి నాటి అలవాటు. కళ్ల ముందు వేలాడుతున్న ప్రాణిని కూడా అలా మాటమాటగా విప్పి చూడొచ్చు. అన్వయంలో కర్త ముందు రావాలి గనక సాలీడుతోనే మొదలు.

సాలీడు — లోకంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన సాలీడు జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. మన దేశంలో రెండు వేలకు దగ్గర. ఇన్నిటికీ మన నోట ఉన్నది దాదాపు ఒకే మాట. అందుకే ఇంట్లో సాలీడు మీద ఉన్న చిరాకంతా పెరట్లో సాలీడు నెత్తిన పడుతోంది. ఇంటి మూలల్లో, సీలింగు కింద, వెంట్రుకల్లాంటి పొడుగు కాళ్లతో వేలాడుతూ, ముట్టబోతే ఒళ్లంతా గిరగిరా ఊపేసుకునేది క్రాసోప్రైజా లయోని. దాని గూటికి ఒక ఆకారమంటూ ఉండదు. పాతది అలాగే ఉంచి పక్కన ఇంకో నాలుగు పోగులు లాగుతుంది. దుమ్ము పట్టి, నల్లబడి, ఫ్యాను గాలికి ఊగుతూ ఉండే బూజు చాలావరకు దాని పనే. ఈ వ్యాఖ్యానంలోని సాలీడు వేరే కుటుంబానిది. దీని వల దుమ్ము పట్టి నల్లబడేదాకా ఉండదు, అంతకుముందే దించేస్తుంది. ఇంటి బూజుకూ పెరటి వలకూ మధ్య ఉన్న తేడా అంతా ఈ ఒక్క మాటలో ఉంది. మిగతాదంతా దీనికి వివరణే అనుకున్నా తప్పు లేదు.

జాతి చెప్పమంటే ఆర్గియోపి అనసుజా. 1887లో తోరెల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. ఇది చూడగానే తెలుగువాడికి అనసూయమ్మ గుర్తుకు రావడం సహజం, దాన్ని అక్కడితో వదిలేద్దాం. తలభాగం మీద వెండి నూగు. కడుపు మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు పట్టీలు. కాళ్లకు చారలు. ఎనిమిది కాళ్లనూ రెండేసి కలిపి పెట్టుకోవడం వల్ల దూరానికి నాలుగే కాళ్లున్నట్టు, ఇంటూ గుర్తు వేసినట్టు కనిపిస్తుంది. ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతమాత్రమే. దాని లోకజ్ఞానమంతా కాళ్ల కింద పోగుల కదలికలో ఉంది. మనిషికి దీనివల్ల ప్రమాదం లేదు. చేతిలోకి తీసుకుని నలిపితే తప్ప కరవదు, కరిచినా కాసేపు మంట, అంతే.

సాలీడును గౌరవించడం మనకు కొత్తేమీ కాదు. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలీడే, కాళం పాము, హస్తి ఏనుగు. శివలింగం మీద గూడల్లి నీడ పట్టిన సాలీడు, ఆ గూటికి దీపం అంటుకుంటే దీపాన్నే మింగబోయిన కథ అక్కడి స్థలపురాణం. 16వ శతాబ్దంలో ధూర్జటి దాన్ని ప్రబంధంగా మలిచాడు. దర్శనానికి వెళ్లి ఆ కథ విని కళ్లు తుడుచుకుని, ఇంటికి తిరిగొచ్చి మందార కొమ్మకున్న వలను చీపురుతో లాగేసేవాళ్లం మనం.

ఆడ — మనం చూసి ఆగిపోయేది ప్రతిసారీ ఆడదాన్నే. ఒంటి పొడవు ఒక సెంటీమీటరు అటూఇటూ. మగది దాంట్లో సగం కూడా ఉండదు, రంగూ ఉండదు. వల అంచున గోధుమ రంగులో ఏదో నలుసు ఉందనుకుని చూపు దాటవేస్తాం. పెద్దవాడయ్యాక మగవాడు తన వల మానేసి ఆడదాని వల వెతుక్కుంటూ వస్తాడు. అంచున ఒక పోగు కట్టి, దాన్ని మీటి, తను ఆహారం కాదని ముందుగా తెలియజేయాలి. ఆ మీటడం తేడా వస్తే ఆహారమే అవుతాడు. జత కట్టాక కొందరు తప్పించుకుంటారు, కొందరికి ఆ భాగ్యం ఉండదు. దీనికి బంధువైన ఒక అమెరికా ఆర్గియోపిలో మగవాడు ఆ పని మధ్యలోనే, ఆడది ముట్టకుండానే, తనంతట తాను ప్రాణం విడుస్తాడని 2003లో శాస్త్రజ్ఞులు రాశారు. మొగుణ్ణి తినే సాలీడు అని పత్రికలు మాటిమాటికీ రాస్తాయి. నా దృష్టిలో ఆమెను గురించి చెప్పుకోవాల్సినవాటిలో ఇది ఆఖరుది.

ఆశ్వయుజ మాసాన — శరదృతువు అంటే మనకు ఆశ్వయుజ, కార్తీకాలు. చల్లటి దేశాల్లోలా ఆకులు ఎర్రబడి రాలడం దక్కనులో ఉండదు. ఇక్కడ శరత్తంటే వాన కడిగిపోయిన పచ్చదనం. జూన్‌లో తొలకరి పడుతుంది. ఆషాఢంలో లష్కర్ బోనాలు జరిగే నాటికి సాలీడు పిల్లలు ఆవగింజంత. మన కంటికి ఆనవు. వానలతో పురుగూ పుట్రా పెరుగుతుంది, వాటిని తిని ఇవీ పెరుగుతాయి, ఒక్కో కుబుసం విడుస్తూ. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆడవి నిండుగా ఎదిగి ఉంటాయి. అంటే ఈ నెలలో సాలీళ్లు కొత్తగా వచ్చిపడ్డాయని కాదు, మొదటి నుంచీ ఉన్నవే మన చూపుకు అందేంత పెద్దవయ్యాయి.

ఇంకొకటి వెలుతురు. అక్టోబరులో రుతుపవనాలు వెనక్కి మళ్లాక ఆకాశం తేటపడుతుంది, ఉదయపు ఎండ ఏటవాలుగా పడుతుంది, కార్తీకం వైపు జరిగే కొద్దీ రాత్రి మంచు దిగుతుంది. మధ్యాహ్నం పక్కనుంచి నడిచినా కనపడని వల, ఏడింటికి ముందు ఎండకు ఎదురుగా నిలబడితే ప్రతి పోగూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటుంది. ఒక సంగతి మాత్రం చెప్పాలి. మంచు చుక్కలతో వంగిన వల ఫొటోకు అందం, సాలీడుకు నష్టం. తడి బరువుకు పోగులు సాగుతాయి, పురుగుకు వల ముందే కనబడుతుంది. వానాకాలపు జల్లులకు చినిగినంత కాకపోయినా, మంచు పడ్డ ఉదయం దాని వ్యాపారం మందమే.

బతుకమ్మ కోసం తంగేడు, గునుగు కోసుకొచ్చిన వాళ్లకు ఇంకో సాలీడు తెలిసే ఉంటుంది. వల అల్లకుండా పూరేకుల మధ్యే కూర్చుని, వాలిన ఈగనో తేనెటీగనో ముందు కాళ్లతో ఒడిసిపట్టే పీతసాలీడు. పూలు పేరుస్తుండగా బయటపడి, పీతలాగే పక్కకు నడిచి పోతుంది.

సికింద్రాబాదు — 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఏర్పడిన దండు ఊరు. కంటోన్మెంటు కావడం వల్ల తిరుమలగిరి, బొల్లారం, మారేడ్‌పల్లి వైపు పెద్ద ఆవరణల బంగళాలు, చింత, వేప చెట్ల బాటలు, కాగితంపూల కంచెలు చాలాకాలం నిలిచాయి. ఆవరణలు అపార్టుమెంట్లయ్యాక కూడా కాంపౌండు గోడ వెంబడి మూరెడు మట్టి, క్రోటన్ల వరుస మిగులుతున్నాయి. సాలీడుకు అది చాలు. రెండు కొమ్మల మధ్య రెండడుగుల ఖాళీ, దాన్ని దాటి ఎగిరే పురుగులు. అంతకుమించి దాని కోరికలు లేవు.

కీటకాల చరిత్రలో ఈ ఊరికి పెద్ద పేరే ఉంది. 1897 ఆగస్టు 20న ఇక్కడి బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టను కోసి, అందులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఈ ఊళ్లో దోమ మీద జరిగిన ఖర్చెంతో, దోమను ఊరికే తినిపెట్టేవాటిని పట్టించుకున్నది ఎంతో పోల్చి చూస్తే రెండోది సున్నా. పెరటి సాలీడు మన దోమలన్నిటినీ తినేస్తుందని చెప్పడం అబద్ధమవుతుంది. దానికి పడింది తినడమే తెలుసు. అందులో దోమ ఉండొచ్చు, తేనెటీగా ఉండొచ్చు. కానీ భూమ్మీద సాలీళ్లన్నీ కలిసి ఏటా 40 నుంచి 80 కోట్ల టన్నుల జీవాల్ని తింటాయని 2017లో ఒక అంచనా వేశారు. అందులో ఎక్కువ భాగం పురుగులే.

పెరట్లో — ఒక్క అనసుజాయే ఉండదు. పెరడంటే ఒక వీధి, అందులో ఎవరి పద్ధతి వారిది.

కాగితంపూల కంచె మీదా, నాగజెముడు మీదా దోమతెర పరిచినట్టు నేలకు సమాంతరంగా సన్నటి అల్లిక కనిపిస్తే అది సిర్టోఫోరా. దాని పోగులకు జిగురు ఉండదు. పైన అడ్డదిడ్డంగా కట్టిన దారాలకు తగిలి పురుగు కింద తెర మీద పడితే, కింద వేలాడుతున్న సాలీడు తెరలోంచే కరుస్తుంది. ఇంత శ్రమపడి అల్లింది గనక రోజూ మార్చదు, చినిగితే అతుకు వేస్తుంది. ఒకదాని పక్కన ఒకటి, కంచె పొడుగునా కాలనీ కడతాయి. ఆ కాలనీలో ఒక దొంగ కూడా ఉంటుంది. ఆర్గిరోడిస్ అనే వెండి రంగు సాలీడు, మంచు బిందువు అనుకునేంత చిన్నది. సొంత వల కట్టదు. ఇంటావిడ పట్టించుకోని చిన్న పురుగుల్ని నొల్లుకుంటుంది, అవకాశం దొరికితే ఆమె చుట్టి దాచిన మూటే ఎత్తుకుపోతుంది.

కుండీల మధ్య, నీటి తొట్టి దగ్గర, వాలుగా కట్టిన చిన్న వలలో వెండి కడుపు మీద ఆకుపచ్చ గీతలున్నది ల్యూకాజీ. గుండ్రంగా ఉండాల్సిన కడుపు అడ్డంగా గట్టిపడి, అంచుల్లో ముళ్లు మొలిచి, సాలీడంటే ఎవరూ నమ్మనిది గాస్టరకాంతా. పెద్ద చెట్ల మధ్య ఎత్తుగా కడుతుంది. రాత్రి వరండా లైటు కింద హఠాత్తుగా పెద్ద వల వేసి, తెల్లారేసరికి దాన్ని విప్పుకుని ఆకు మడతలోకి వెళ్లిపోయేది నియోస్కోనా. వీటన్నిటికంటే పెద్దది, అరచేతి నిండా వచ్చే నెఫిలా, నల్లమల లాంటి అడవులకు వెళ్తేనే. దాని పట్టు బంగారు రంగు. మడగాస్కర్‌లో దాని బంధువుల దగ్గర, పదిలక్షలకు పైగా సాలీళ్ల నుంచి, తీసిన పట్టుతో నేసిన వస్త్రాలను 2012లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రదర్శించారు. రంగు అద్దలేదు, పట్టు అసలు రంగే అంత.

పెరట్లో వీటి శత్రువును కూడా చూడొచ్చు. గోడ మూలల్లో, స్విచ్చిబోర్డు వెనక, మట్టి ముద్దలతో గూడు కట్టే కందిరీగ ఉంది కదా. ఆ గూడు పగలగొడితే లోపల చావక, కదలక పడి ఉన్న సాలీళ్లు దొరుకుతాయి. కుట్టి మత్తెక్కించి, తన పిల్లకు తాజా తిండిగా పెట్టి మూసేసిన నిల్వ అది.

తలకిందులుగా నిలిచిన — అలంకారం కోసం పెట్టిన మాట కాదు, వల లెక్క దీని మీదే నడుస్తుంది. సాలీడు వల నడిబొడ్డున తల కిందికి పెట్టి కూర్చుంటుంది. పైకి ఎక్కడం కంటే కిందికి పరుగెత్తడం తేలిక గనక పురుగు కింది సగంలో పడితే త్వరగా అందుకోగలదు. అందుకే కింది సగం పెద్దదిగా, పై సగం చిన్నదిగా అల్లుతుంది. పెరట్లో ఏ వలనైనా చూడండి, సాలీడు కూర్చున్న చోటు సరిగ్గా మధ్యన ఉండదు, కొంచెం పైకి ఉంటుంది.

బరువంటూ లేని చోట ఏమవుతుంది? ఈ ప్రశ్న అడిగింది జూడిత్ మైల్స్ అనే అమెరికా హైస్కూలు విద్యార్థిని. 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి రెండు తోట సాలీళ్లను పంపారు, వాటి పేర్లు అరబెల్లా, అనీటా. ఐరోపాలో తోటలో సాలీడు అనగానే అందరికీ గుర్తొచ్చే ఆరేనియస్ డయాడెమాటస్ అనే జాతివి. దీనికి పేరు పెట్టింది క్లర్క్ అనే స్వీడన్ వాడు, 1757లో, లిన్నేయస్ జంతువులకు పేర్లు పెట్టిన పుస్తకం కంటే ముందే. అరబెల్లా మొదట్లో దిక్కు తెలియక మూలల్లో నాలుగు పోగులు లాగింది. రోజులు గడిచే కొద్దీ భూమ్మీద అల్లినంత చక్కగానే అల్లింది. రెండూ బతికి తిరిగి రాలేదు. 2011లో మళ్లీ అంతరిక్షంలో పెట్టి చూసినప్పుడు ఇంకో సంగతి తేలింది. బరువు లేని చోట సాలీడు దీపం వెలుగును బట్టి ఏది పైనో నిర్ణయించుకుంటోంది. దీపం వెలుగుతుంటే తల దానికి ఎదురు దిక్కున పెట్టి, వల కూడా ఆ లెక్క ప్రకారమే ఎక్కువతక్కువలుగా అల్లింది.

నిలిచిన అన్నాను గానీ, బెదిరిస్తే నిలవదు. వేలు దగ్గరికి తీసుకెళితే వలను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతుంది. సాలీడు ఆకారం చెదిరి ఏదో పసుపు మసకగా మారుతుంది. పక్షి ముక్కుకు గురి కుదరకూడదని ఆ ఏర్పాటు. ఇంకా దగ్గరికి పోతే ఒక్క పోగు పట్టుకుని దభీమని కింద పొదలోకి దిగిపోయి, మనం వెళ్లాక అదే పోగు పట్టుకుని పైకి వస్తుంది.

వేకువకు ముందు — పెరటి సాలీళ్లను పగలల్లా చూసే మనం వాటి అసలు పనిని ఒక్కసారీ చూడం. చీకట్లో మొదలుపెట్టి, గంటలోపే ముగిస్తుంది. 1948లో జర్మనీలో హాన్స్ పీటర్స్ అనే జంతుశాస్త్రవేత్తకు ఇదే తలనొప్పి అయింది. వల అల్లడం ఫొటో తీయాలంటే నిద్ర చెడగొట్టుకోవాలి. ఏదైనా మందిస్తే అల్లే సమయం మారుతుందేమో చూడమని పీటర్ విట్ అనే ఔషధశాస్త్రవేత్తను అడిగాడు. మందు ఇచ్చారు. సాలీళ్లు తమ వేళ మార్చుకోలేదు, వల ఆకారం మాత్రం మారిపోయింది. అక్కడి నుంచి ఏ మందుకు ఏ వల అనే పరీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. అన్నిటిలో ఎక్కువ గందరగోళపు వల కెఫీన్ తాగినదానిది. తెల్లవారుజామునే ఇరానీ చాయ్‌తో రోజు మొదలుపెట్టే సికింద్రాబాదీలు దీన్ని మనసుకు తీసుకోనక్కర్లేదు.

అల్లిన — ముందు ఒక పోగును గాలికి వదులుతుంది. అది ఎక్కడో కొమ్మకు తగిలి అంటుకుంటే, లాగి బిగించి దాని మీద నడిచి వెళ్తుంది. ఆ వంతెన మధ్యలోంచి కిందికి దిగి ఇంకో పోగు కడితే వల కేంద్రం తయారు. తర్వాత చుట్టూ చట్రం, కేంద్రం నుంచి చట్రానికి ఆకులు. బండి చక్రానికి ఉండేవాటినీ మనం ఆకులనే అంటాం. ఆకులన్నీ వేశాక లోపలి నుంచి బయటికి జిగురు లేని చుట్టు ఒకటి వదులుగా వేస్తుంది. అది తాత్కాలికం, కాలు పెట్టుకోవడానికి. చివరికి బయటి నుంచి లోపలికి, కాలితో దూరం కొలుచుకుంటూ, జిగురు చుట్టు దగ్గరదగ్గరగా వేస్తుంది. వస్తూ వస్తూ ముందు వేసిన చుట్టును కత్తిరించేస్తుంది. ఇదంతా చూపుతో పని లేకుండా, కాళ్లకు తెలిసే బిగువుతో.

దారం ఒకటే కాదు. ఈ జాతి ఆడ సాలీడు కడుపులో ఏడు రకాల పట్టు గ్రంథులు ఉంటాయి. చట్రానికీ, ఆకులకూ, తను వేలాడడానికీ గట్టి దారం. తాత్కాలిక చుట్టుకు వేరే దారం. జిగురు చుట్టుకు లోపల రబ్బరులా సాగేది, తన పొడవుకు రెండు రెట్లకు పైగా సాగి తెగనిది. దాని మీద పూయడానికి జిగురు తయారుచేసే గ్రంథి ఇంకొకటి. పూసినప్పుడు జిగురు సమంగా పరుచుకుంటుంది, కాసేపట్లో తలతన్యత వల్ల అదే సన్నటి చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కలకే పురుగు అంటుకునేది. పోగును కొమ్మకు అతికించడానికి ఒక రకం, పట్టిన పురుగును చుట్టడానికి ఒక రకం, గుడ్ల సంచికి ఒక రకం. ఇన్నీ కడుపు చివర ఉండే చిన్న చిన్న ముట్టెల్లోంచి, దేని గ్రంథి ఎప్పుడు తెరవాలో తప్పకుండా. పోచంపల్లిలోనో గద్వాలలోనో మగ్గం ముందు కూర్చున్నవాళ్లు ఈ లెక్క వింటే మెచ్చుకుంటారు. వాళ్లు దారం రకం మార్చాలంటే మగ్గం ఆపాలి మరి.

వలను — వల పూర్తయ్యాక అనసుజా ఇంకో పని చేస్తుంది. పురుగుల్ని చుట్టే పట్టుతోనే కేంద్రం నుంచి నాలుగు మూలలకూ తెల్లగా, దట్టంగా, వంకరటింకరగా నాలుగు చారలు వేస్తుంది. తన నాలుగు జతల కాళ్లు వాటి వెంబడే సరిగ్గా చాస్తుంది. ఒక్కోరోజు నాలుగూ ఉండవు, రెండో ఒకటో ఉంటాయి. పిల్ల సాలీళ్లయితే చారలకు బదులు మధ్యలో గుండ్రంగా తెల్లటి చక్రం వేసుకుంటాయి. ఈ చారల వల్లే ఇంగ్లిషులో దీన్ని సిగ్నేచర్ స్పైడర్ అంటున్నారు.

ఎందుకు వేస్తుంది? వల బిగువుగా నిలబడడానికని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సైమన్ 19వ శతాబ్దం చివర్లో అన్నాడు. అందుకే దానికి స్టెబిలిమెంటం అని పేరు పెట్టాడు. పేరు నిలిచింది, కారణం నిలవలేదు. ఆ చారలు అంత వదులుగా ఉంటాయి, వాటివల్ల వలకు బలం వచ్చే ప్రసక్తి లేదు. 1983లో ఐస్నర్, నోవిక్కీ అనే ఇద్దరు, పక్షులు వలను చూసి పక్కకు తప్పుకుని వెళ్లడానికని రాశారు. చారలున్న వలలు తెల్లవారాక ఎక్కువసేపు నిలిచాయి. 1990లో క్రెయిగ్, బెర్నార్డ్ ఇంకో మాట చెప్పారు. ఆ పట్టు అతినీలలోహిత కాంతిని వెనక్కి పంపుతుంది, పూలు కూడా ఆ కాంతితోనే పురుగుల్ని పిలుస్తాయి, గనక ఇది ఎర అని. ఆపైన ఎవరు పరీక్ష చేస్తే వారికి ఒక సమాధానం వచ్చింది. చారలున్న వలలో పురుగులు ఎక్కువ పడ్డాయన్నవారున్నారు, తక్కువ పడ్డాయన్నవారున్నారు. నాకు తోచేది, ఒకే కారణం కావాలని మనం పట్టుబట్టడమే ఇక్కడ చిక్కు. అన్ని తోటల్లో అందరు శత్రువులూ ఒకేలా ఉండరు, సాలీడు కూడా రోజుకొక రకంగా వేస్తోంది.

వలలో పురుగు పడ్డాక చూడాల్సినది వేరే ఉంది. మిడత పడితే ముందు పట్టుతో చుట్టి మూట కట్టి, తర్వాత నెమ్మదిగా కరుస్తుంది. సీతాకోకచిలుక పడితే వరస తిరగబడుతుంది, ముందు కాటు, తర్వాత చుట్టడం. సీతాకోకచిలుక రెక్కల మీద పొలుసులు ఊడి జిగురుకు అంటుకుంటాయి, అది జారిపోతుంది. చుట్టుకుంటూ కూర్చుంటే దక్కదు. ఈ తేడాను 1969లో రాబిన్సన్ అనే ఆయన ఇంకో ఆర్గియోపి జాతిలో గమనించి రాశాడు. చూపు అంతగా లేని ప్రాణి, వణుకును బట్టి వచ్చిందెవరో పోల్చుకుని, పద్ధతి మార్చుకుంటోంది.

మరునాటి వేకువకు ముందే తినివేయును — మూలంలో ఇదే క్రియ. జిగురు ఒక రోజులో దుమ్ము, పుప్పొడి పట్టి పనికిరాకుండా పోతుంది. కాబట్టి కొత్త వల వేయాలి. పాతదాన్ని పారేయడానికి అంత పట్టు ఊరికే వచ్చింది కాదు. చట్రపు పోగులు కొన్ని ఉంచి, మిగతాదాన్ని చుట్టచుట్టి నోట్లో పెట్టుకుంటుంది. 1971లో పీకాల్ అనే శాస్త్రజ్ఞుడు పట్టుకు రేడియోధార్మిక గుర్తు పెట్టి చూశాడు. తిన్న వలలోని పదార్థంలో చాలా భాగం అరగంటలోనే మళ్లీ కొత్త వలలో కనిపించింది. అంటే ఇవాళ మీ పెరట్లో మెరుస్తున్న పోగులో నిన్నటి పోగు ఉంది, దానిలో మొన్నటిది ఉంది.

ముండకోపనిషత్తు మొదట్లోనే సాలీడు పోలిక వస్తుంది. తనలోంచి పోగు తీస్తుంది, తనలోకే తీసుకుంటుంది, అక్షరం నుంచి విశ్వం పుట్టడం అలాంటిదని. పోగు తీయడం ఎవరికైనా కనిపిస్తుంది. తీసుకోవడం కనిపించాలంటే చీకటితో లేచి వల ముందు కూర్చోవాలి. ఆ ఋషి ఎవరో గానీ పెరట్లోకి వెళ్లి చూసినవాడే.

ఈ తీయడం, తినడం ఎన్నాళ్లో సాగదు. చలి ముదిరే లోపు ఆడది పక్కనే ఆకుల చాటున గుడ్ల సంచి కడుతుంది, ఒక్కో సంచిలో వందల్లో గుడ్లు. ఆపైన ఆమె పని అయిపోతుంది. పిల్లలు బయటికొచ్చాక కొమ్మ చివరికెక్కి, కడుపు పైకెత్తి, సన్నటి పోగు గాలికి వదిలి దాంతో ఎగిరిపోతాయి. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ అర్జెంటీనా తీరానికి 60 మైళ్ల దూరాన ఉండగా, తాళ్లనిండా ఇలాంటి పిల్ల సాలీళ్లు వచ్చి పడ్డాయి. గాలొక్కటే చాలదని, గాలిలోని విద్యుత్ క్షేత్రం కూడా వాటిని పైకి లేపుతుందని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు.

విశేషం — సాలీడు నిండుగా ఎదిగే నెల, మనం ఇల్లు దులిపే నెల ఒకటే కావడం దాని ఖర్మ. దసరా ముందు, దీపావళి ముందు బూజుకర్ర బయటికొస్తుంది. ఇంటి లోపల ఎంత దులిపినా నాకు అభ్యంతరం లేదు. గడప దాటి ఆ కర్రను క్రోటన్ల మీదికి తీసుకెళ్లకండి. తోటమాలి కంచె కత్తిరిస్తానంటే సంక్రాంతి తర్వాత రమ్మనండి, గుడ్ల సంచులు అప్పటిదాకా ఆ ఆకుల్లోనే ఉంటాయి. పురుగుల మందు కొట్టే ముందు ఏ పురుగు కోసం కొడుతున్నారో అడగండి. వల దారికి అడ్డంగా ఉంటే చట్రం పోగు ఒక్కటి తెంపండి చాలు, మరునాటికి అదే పక్కకు జరుపుకుంటుంది. పెరడు లేనివాళ్లకు బొల్లారంలో రాష్ట్రపతి నిలయం తోటలు ఉన్నాయి, 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు. ఎక్కడైనా సరే, ఎండ ఎక్కకముందు వెళ్లండి, సూర్యుడికి ఎదురుగా నిలబడండి, వలను ముట్టకండి.